తెర దాటిన ప్రగతి

వెలగలంక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ సత్యవాణి ఒకరోజు జాయింట్ డైరెక్టర్ గారికి ఒక నిజం చెప్పింది. చెప్పకుండా ఉంటే బావుండేదని ఆ తరవాత ఐదు నెలలు అనుకుంది.

జాయింట్ డైరెక్టర్ త్రివిక్రమరావు గారు తనిఖీకి వచ్చారు. ఆయన చదివింది చరిత్ర. సాంకేతిక విద్యాశాఖకు వచ్చి మూడు వారాలే అయింది. వర్క్‌షాపులో లేత్ మెషిన్లను చూసి, "బాగా తిరుగుతున్నాయి" అన్నారు. డ్రాయింగ్ హాల్లో బల్లలు చూసి, "ఏటవాలుగా ఉన్నాయేమిటి, సరిచేయించండి" అని ప్రిన్సిపాల్ కామేశం గారికి చెప్పారు. చివరికి ఎలక్ట్రానిక్స్ ల్యాబుకు వచ్చి, అక్కడ ఉన్న ఒకే ఒక్క ఆసిలోస్కోప్ ముందు ఆగారు.

చిన్న టీవీలాంటి పెట్టె అది. తెర మీద ఎత్తుకు ఎనిమిది గళ్లు, వెడల్పుకు పది గళ్లు. వాటి మీద పచ్చటి గీత ఒకటి మెలికలు తిరుగుతూ కుడివైపుకి జారిపోతోంది.

"ఇదెక్కడికి పోతోందమ్మా?" అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"ఎక్కడికీ పోవట్లేదండి" అంది సత్యవాణి. "వోల్టేజీ ఎలా పెరుగుతోందో, ఎలా తగ్గుతోందో ఇది బొమ్మ గీసి చూపిస్తుందండి. కిందనించి పైకి వోల్టేజీ, ఎడమనించి కుడికి కాలం. ప్రతిసారీ గీత ఎక్కడ మొదలెట్టాలో దీనికి మనం చెప్పాలండి. చెప్పకపోతే ఇలాగే జారిపోతుంది. దాన్ని ట్రిగ్గర్ అంటారండి." ఒక నాబ్ కొంచెం తిప్పింది. వేవు బుద్ధిగా నిలబడిపోయింది.

త్రివిక్రమరావు గారి ముఖం విప్పారింది. కదిలేది ఏదైనా తన ముందు ఆగిపోతే ఆయనకు ఇష్టం.

"మరి ఈ పెద్ద నాబో?"

"అది వోల్ట్స్ పర్ డివిజనండి. ఒక్కో గడికి ఎన్ని వోల్టులో చెప్పేది. ఇప్పుడు గడికో వోల్టు పెట్టాం. వేవు రెండు గళ్ల ఎత్తుంది కాబట్టి రెండు వోల్టులన్నమాట." ఆమె ఆ నాబ్‌ను ఒక మెట్టు తిప్పింది. వేవు నాలుగు గళ్ల ఎత్తుకు లేచింది.

"రెట్టింపయింది" అన్నారు ఆయన.

"అవలేదండి. గడికి అర వోల్టు చేశాం, అంతే. లోపల సిగ్నల్ ఎంతుందో అంతే ఉంది. మనం చూసే కొలత మారింది."

ఇదే ఆమె చెప్పిన నిజం.

త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే వెనకాల ఏమీ మార్చక్కర్లేదు."

"అక్కర్లేదండి."

"నాబ్ ఒక్కటే."

"అవునండి."

"ఇంకోసారి తిప్పమ్మా."

తిప్పింది. వేవు తలా, పాదాలూ తెర బయటికి పోయాయి. "ఇంత తిప్పకూడదండి, కనపడకుండా పోతుంది" అందామె. ఆయన వినలేదు. ఆయన వెనకాల నిలబడ్డ కామేశం గారు మాత్రం డైరీలో ఏదో రాసుకున్నారు.

రెండు వారాలకు సర్క్యులర్ వచ్చింది.

"విషయం: సంస్థాగత ప్రగతిని తరంగ రూపమున ప్రదర్శించుట, తక్షణ అమలు, గురించి. ఇందుమూలముగా అందరు ప్రిన్సిపాళ్లకు తెలియజేయునది ఏమనగా, ఇకపై ప్రతి కళాశాల తన ఉత్తీర్ణతా శాతమును పది శాతమునకు ఒక వోల్టు చొప్పున మార్చి, నెలవారీ సమీక్షకు ఆసిలోస్కోప్ సహితముగా హాజరు కావలెను. గడికి ఎన్ని వోల్టులు అనునది సంబంధిత ప్రిన్సిపాల్ విచక్షణకు వదలడమైనది."

ఆ చివరి వాక్యం చదివాక జోన్‌లోని ఇరవై నాలుగు పాలిటెక్నిక్‌ల ప్రిన్సిపాళ్లు హాయిగా కుర్చీల్లో వెనక్కి వాలారు.

వెలగలంకలో ఆ ఏడు పాసైంది ముప్పై ఒక్క శాతం. సత్యవాణి వేవును పుట్టించే సిగ్నల్ జనరేటర్‌లో మూడు పాయింట్ ఒకటి వోల్టులు పెట్టి, గడికో వోల్టు చొప్పున చూపించింది. వేవు మూడు గళ్ల పైచిలుకు వచ్చింది. జిల్లా కేంద్రంలో సమీక్ష హాల్లోకి అడుగు పెట్టాక కామేశం గారు చుట్టూ చూశారు. పక్క బల్ల మీద పదహారు శాతం కాలేజీ వాళ్ల వేవు నేల నుంచి నింగి దాకా ఎనిమిది గళ్లూ నిండుగా ఉంది.

"మీ వేవు ఎందుకింత కృశించింది?" అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"మాది ముప్పై ఒక్క శాతమండి" అన్నారు కామేశం గారు.

"నేను శాతం అడగలేదు. గళ్లు అడిగాను."

తిరిగొచ్చి కాలేజీ గేటు దగ్గర జీపు దిగుతూ కామేశం గారు, "సత్యవాణి గారూ, మీరు బాగా చదువుకున్నవారు. మరీ అంత నిజాయితీగా తిప్పితే ఎలాగండీ" అన్నారు.

రెండో సమీక్షకు అన్ని వేవులూ ఎనిమిదేసి గళ్లు ఉన్నాయి. అందరూ సమానంగా ఎదగడంతో త్రివిక్రమరావు గారికి చూడ్డానికి ఏమీ మిగల్లేదు. అందుకని ఆయన వంగి, మరింత శ్రద్ధగా చూశారు. అప్పుడు కనబడింది ఆయనకు.

"మధ్యలో ఈ అడ్డగీత ఏమిటి?"

"అది సున్నా అండి" అన్నారు ఎవరో.

"మరి సగం వేవు సున్నాకి కింద ఉందేం?"

"అది నెగెటివ్ అండి. పైకెంత వెళ్తుందో కిందకీ అంతే వెళ్తుందండి. దాని స్వభావం అది."

త్రివిక్రమరావు గారు నిటారుగా నిలబడ్డారు. "ప్రభుత్వ సంస్థలో నెగెటివా? ప్రతి కాలేజీ ప్రగతిలో సగం సున్నాకి దిగువన ఉంటే, ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు."

రెండో సర్క్యులర్ చిన్నది. "ప్రగతి ఎట్టి పరిస్థితులలోనూ మధ్య రేఖకు దిగువకు పోరాదు. దిగువ తరంగములను గుర్తించి ఉద్ధరించవలెను." ఉద్ధరించడానికి స్కోపులో వేరే నాబ్ ఉంది. దాని పేరు పొజిషన్. గీతను ఉన్నదున్నట్టుగా పైకో కిందకో జరుపుతుంది. ఇరవై నాలుగు కాలేజీల్లోనూ అది కుడివైపు తిరిగింది.

మూడో సమీక్షలో ఎర్రదిబ్బ పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ దాన్ని మోతాదు మించి తిప్పేశారు. త్రివిక్రమరావు గారు ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి తెర మీద గళ్లు తప్ప ఏమీ లేదు. పాపం ఆ ప్రిన్సిపాల్‌కి కాలర్ తడిసిపోయింది.

"వేవు ఏదీ?"

"పైకెళ్లిపోయిందండి."

"ఎంత పైకి?"

"తెర దాటిపోయిందండి."

త్రివిక్రమరావు గారు తెర వంక, తెర పైన గోడ వంక, గోడ పైన కప్పు వంక చూశారు. తరవాత ఆ ప్రిన్సిపాల్‌ని కౌగిలించుకున్నారు. ఎర్రదిబ్బకు శాలువా కప్పి, "కొలపరికరములకు అందని ప్రగతి" అని రాసిన ప్రశంసాపత్రం ఇచ్చారు.

నాలుగో సమీక్షకు ఇరవై నాలుగు తెరలూ ఖాళీగా వచ్చాయి. ఎవరి తెర ఎక్కువ ఖాళీగా ఉందో తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ గంటన్నర పరిశీలించింది. ఒక కాలేజీ వారు ప్లగ్గు పెట్టడం మరిచిపోయారు. తెర మీద వెలుగు కూడా లేని కారణంగా వారికి "విద్యుత్ ఆదాతో కూడిన ప్రగతి" కింద ప్రత్యేక బహుమతి వచ్చింది.

ఇంత ఎత్తుకు చేరిన ప్రగతి మళ్లీ కిందకి జారకూడదు కదా. మూడో సర్క్యులర్ దాని గురించే. సమీక్షకూ సమీక్షకూ మధ్య ఎవరూ నాబులు తాకకుండా వాటికి ఎర్ర టేపు చుట్టి, స్కోపును ప్రిన్సిపాల్ గదిలోని బీరువాలో భద్రపరచాలి. వేరే ఊళ్లో ఒక లెక్చరర్ పిల్లలకు చూపించాలని టేపు విప్పి గీతను తెర మీదకు తెస్తే, ఆయన్ని మూడు రోజుల్లో రెండొందల కిలోమీటర్ల అవతలికి బదిలీ చేశారు. ఆర్డర్లో కారణం "ప్రగతిని దించుట" అని రాశారు.

సత్యవాణికి నిద్ర పట్టనిది దీని గురించే. ఆమె దగ్గర ఆఖరి సంవత్సరం పిల్లలు నలభై ఆరుమంది ఉన్నారు. మే పద్నాలుగున వాళ్లకు ప్రాక్టికల్ పరీక్ష. బయటినించి వచ్చే ఎగ్జామినర్ ఏదో ఒక వేవు ఇచ్చి, దాని ఎత్తు ఎన్ని వోల్టులో, సెకనుకి ఎన్నిసార్లు వస్తోందో కొలవమంటాడు. సమీక్షలకు సిద్ధం చేసే పేరుతో స్కోపు మొదటి సర్క్యులర్ నాడే ప్రిన్సిపాల్ గదికి చేరింది కాబట్టి, ఆ పిల్లలు ఐదు నెలలుగా దాని ముఖం చూడలేదు. ఆమె బోర్డు మీద గళ్లు గీసి, రంగు సుద్దతో వేవు వేసి పాఠం చెబుతోంది. అల్లరి తక్కువ, ప్రశ్నలు ఎక్కువగా ఉండే ఝాన్సీరాణి ఒకరోజు లేచి, "మేడమ్, ఇందులో నాబ్ ఎక్కడుందండి?" అని అడిగింది. తుడిచి చిన్నదిగానో పెద్దదిగానో మళ్లీ గీయడమే బోర్డుకి నాబ్. ఆమె మళ్లీ గీసింది. ఆ వారం రెండు సుద్ద పెట్టెలు అయిపోయాయి.

చివరికి ఆమె స్కోపును ల్యాబులో వాడుకోడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టింది. అది కామేశం గారి మీదుగా జోన్ ఆఫీసుకెళ్లి, రెండు వారాలకి జవాబుతో తిరిగొచ్చింది.

"విద్యార్థుల ప్రయోజనార్థం ప్రయోగశాలలో తరంగమును ప్రదర్శించుటకు అనుమతి ఇవ్వడమైనది. అయితే సదరు తరంగము తెరపై కనిపించరాదు."

సత్యవాణి దాన్ని మూడుసార్లు చదివింది.

"అనుమతి వచ్చిందిగా మేడమ్, ఇంకేంటండి" అన్నారు కామేశం గారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అది అనుమతి అని ఆయన నమ్మారు.

ఐదో సమీక్ష మే పన్నెండున పడింది. ప్రాక్టికల్‌కి ముందు మిగిలింది రెండు రోజులు. పైగా సమీక్షల్లో చప్పట్లు సరిగా పడట్లేదని జోన్ ఆఫీసు గమనించి, "హర్షధ్వానముల నిమిత్తం" ఒక్కో నెలా ఒక్కో కాలేజీ నుంచి ఒక సెక్షన్ పిల్లల్ని పంపాలని నిర్ణయించింది. ఈ నెల వంతు వెలగలంకది.

ఆ రోజు పొద్దున్న నలభై ఆరుమందీ బస్సెక్కారు. స్కోపును సత్యవాణి ఒళ్లో పెట్టుకుంది. పక్కన ల్యాబ్ అటెండర్ ఇస్సాకు కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా పెట్టె మీద చెయ్యి వేసి ఆపాడు.

హాల్లో తెల్లటి గుడ్డలు పరిచిన బల్లల మీద ఇరవై నాలుగు స్కోపులు వరసగా వెలుగుతున్నాయి. అన్నిటికీ ఎర్ర టేపు. అన్నీ ఖాళీ తెరలే. త్రివిక్రమరావు గారు మాట్లాడారు. ప్రగతిని చూడాలనుకోవడం పాతకాలపు అలవాటనీ, ఇక ప్రగతిని విశ్వసించాలనీ అన్నారు. పిల్లలు చెప్పిన చోటల్లా చప్పట్లు కొట్టారు. ఒంటిగంటకు అధికారులూ, ప్రిన్సిపాళ్లూ, లెక్చరర్లూ భోజనాలకు వెళ్లారు. గుత్తి వంకాయ, పనసపొట్టు కూర, పూతరేకులు అని ముందే తెలిసింది కాబట్టి ఎవరూ వెనకపడలేదు. వెలగలంక వాళ్లే స్కోపులకు కాపలా ఉండాలని కామేశం గారు సత్యవాణిని వదిలి వెళ్లారు. పిల్లలకు పులిహోర పొట్లాలు ఇచ్చారు.

సత్యవాణి హాలు మధ్యలో నిలబడింది. జీవితంలో ఆమె ఒకేచోట ఇన్ని స్కోపులు చూడలేదు. తను చదువుకున్న కాలేజీలోనూ ఒక్కటే ఉండేది. ఇరవై నాలుగు. నలభై ఆరుమంది పిల్లలు. ఇద్దరికొకటి ఇచ్చినా ఒకటి మిగులుతుంది.

ఆమెకు రెండొందల కిలోమీటర్ల అవతలి ఊరు గుర్తొచ్చింది. ఊళ్లో మందుల షాపు నడుపుకుంటున్న భర్త, వచ్చే ఏడు పదో తరగతికొచ్చే కొడుకు గుర్తొచ్చారు. తరవాత తమ కాలేజీ స్కోపు దగ్గరికెళ్లి, నాబుల మీది టేపు గోటితో ఎత్తి పట్టుకుని, బర్రున లాగేసింది.

"చేతులు తుడుచుకు రండర్రా. ఇద్దరేసి. గంటన్నర ఉంది మనకి."

పిల్లలకు రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. హాలంతా టేపులు చిరిగే చప్పుడు.

"మనం సిగ్నల్ జనరేటర్ తేలేదు కదండీ మేడమ్" అంది ఝాన్సీ.

"ప్రతి స్కోపుకీ కింద మూలన చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది చూడు. ఆ స్కోపు తన లెక్క తను సరిచూసుకోడానికి అందులోంచి ఒక వేవు వస్తుంది. రెండు వోల్టులు, కచ్చితంగా. ప్రోబ్ తీగ కొన దానికి తగిలించండి. పొజిషన్ నాబ్ ఎడమకి తిప్పి గీతని కిందకి దించండి."

"దించేయొచ్చాండి?" అని ఎవరో భయంగా అడిగారు.

"దించండి."

ఇరవై మూడు తెరల మీద ఒక్కొక్కటిగా గీతలు పై అంచు నుంచి దిగాయి. వంకర్లు లేని వేవు అది. కోట గోడ మీద బురుజుల్లా నిలువుగా లేచి, అడ్డంగా నడిచి, నిలువుగా దిగుతోంది. కొన్ని జారిపోతున్నాయి. "ట్రిగ్గర్, ట్రిగ్గర్" అని ఒకళ్లకొకళ్లు అరుచుకుంటూ నిలబెట్టారు. ఒకడు వోల్ట్స్ పర్ డివిజన్ తిప్పి వేవును పెంచాడు, తగ్గించాడు, మళ్లీ పెంచాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు. "మేడమ్, ఎన్నిసార్లు తిప్పినా రెండు వోల్టులేనండి" అన్నాడు. ఆమెకు కళ్లు చెమర్చాయి. ఐదు నెలల సర్క్యులర్లకు ఆ ఒక్క ముక్క చాలనిపించింది.

ఝాన్సీ బల్ల దగ్గర ఆగింది. "ఒక బురుజు మొదలు నుంచి రెండో బురుజు మొదలు దాకా ఎన్ని గళ్లే?"

"రెండండి."

"గడికెంత కాలం పెట్టావ్?"

"అర మిల్లీసెకనండి."

"అయితే?"

"ఒక మిల్లీసెకనుకి ఒకటి. సెకనుకి..." ఝాన్సీ వేళ్లు మడిచింది, విప్పింది. "వెయ్యి. వెయ్యి హెర్ట్జ్ అండి." అని పక్కపిల్ల భుజం పట్టుకుని ఊపేసింది.

ఇరవై నాలుగో స్కోపు దగ్గర ఇస్సాకు నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అమ్మగారండీ, ఇరవై రెండేళ్లనించి రోజూ దీన్ని తుడుస్తున్నానండి. ఒక్కసారీ తిప్పలేదండి. ఒక పాలి చూడొచ్చాండి?"

"రా ఇస్సాకూ. ముందు ప్రోబ్ తగిలించు" అందామె, తనే చెయ్యి పట్టుకుని చూపించింది. రెండు నిమిషాల్లో అతని గీత కూడా దిగొచ్చింది. కుదురుగా నిలబడింది. ఆమె అతన్ని అక్కడ వదిలి మరో బల్లకెళ్లింది.

భోజనాలు అనుకున్నదానికన్నా ముందే అయిపోయాయి. పూతరేకులు తక్కువ పడ్డాయట. త్రివిక్రమరావు గారు బుగ్గన కిళ్లీ పెట్టుకుని అందరికన్నా ముందు హాల్లోకి వచ్చారు. తలుపు పక్కనే ఉన్నది ఇస్సాకు బల్ల. ఆయన తెర చూశారు. రెండు నెలల తరవాత ఆయన ఒక వేవు చూడటం అదే.

"ఏమిటిది?"

"వేవండి. దించామండి."

"ఇదేనా అసలుది?"

"ఆయ్. ఇదేనండి."

"ఇంతేనా?"

"ఇంతేనండి."

త్రివిక్రమరావు గారు దాన్ని చాలాసేపు చూశారు. ఇస్సాకు కూడా చూశాడు. ఇద్దరూ ఒకే తెర ముందు వంగి నిలబడి ఉంటే వెనక ప్రిన్సిపాళ్లు తలుపు దగ్గరే గుంపుగా ఆగిపోయారు.

చివరికి త్రివిక్రమరావు గారు గొంతు తగ్గించి, "సరే. ఇక పెంచెయ్" అన్నారు.

"ఇప్పుడే కుదురుకుందండి" అన్నాడు ఇస్సాకు. "కాసేపు చూడనివ్వండి బాబూ."

ఈలోగా కామేశం గారు ఇరవై నాలుగు తెరలూ చూసి గోడకు ఆనుకున్నారు. ఎర్రదిబ్బ ప్రిన్సిపాల్, "మా ప్రగతిని ఎవరు దించారు?" అని కేక వేశారు. కమిటీ సభ్యులు ముగ్గురూ పరుగున వచ్చి గళ్లు లెక్కబెట్టడం మొదలెట్టారు. కొందరు పిల్లలు గడికో వోల్టు పెట్టారు, కొందరు అర వోల్టు పెట్టారు. లెక్క తేలక ఒక సభ్యుడు ఝాన్సీనే అడిగాడు. అన్నీ రెండు వోల్టులేనని ఆ పిల్ల చెప్పింది, ఎలాగో కూడా చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"సార్, అందరివీ సమానంగా ఉన్నాయి" అని కమిటీ విన్నవించింది.

త్రివిక్రమరావు గారికి దారి దొరికింది. కిళ్లీ ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మార్చుకుని మైకు దగ్గరికెళ్లారు. ఇరవై నాలుగు కళాశాలలు ఒకే స్థాయికి చేరుకోవడం ఈ శాఖ చరిత్రలో ఇదే మొదటిసారనీ, ఇది తన సమీక్షల ఫలితమనీ, ఈ సమానత్వాన్ని అందరూ హర్షించాలనీ ప్రకటించారు.

చప్పట్లు పడలేదు. కొట్టాల్సినవాళ్ల చేతులన్నీ నాబుల మీద ఉన్నాయి. కాసేపాగి ప్రిన్సిపాళ్లే కొట్టుకున్నారు.

ప్రాక్టికల్‌లో నలభై ఆరుమందికి నలభై ముగ్గురు పాసయ్యారు. మిగతా ముగ్గురు తప్పింది స్కోపు దగ్గర కాదు, ఎగ్జామినర్ అడిగిన నోటి ప్రశ్నల దగ్గర. జోన్ ఆఫీసులో ఒక సెక్షన్ సత్యవాణికి అభినందన లేఖ పంపింది. అదే టపాలో ఇంకో సెక్షన్ మెమో పంపింది. అనుమతి లేకుండా తరంగమును కనపరచినందుకు మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలని అందులో ఉంది.

సత్యవాణి తెల్ల కాగితం తీసుకుంది. ఏమేమో రాద్దామనుకుంది. చివరికి ఒక్క వాక్యమే వచ్చింది. "పరీక్షకు రెండు రోజులే ఉండటం వల్ల, పిల్లలు అప్పటికి ఐదు నెలలుగా వేవు చూడకపోవడం వల్ల, చూపించాను." సంతకం చేసి పంపింది.

పది రోజులకు జవాబొచ్చింది. "మీ వివరణ విషయపరముగా తిరస్కరించదగినది కాదు. అయితే పరిమాణము చాలదు. తగు మేరకు పెంచి తిరిగి సమర్పించవలెను."

ఇంకేం కలపాలా అని ఆమె ఆ సాయంత్రమంతా ఆలోచించింది. కలపడానికి ఏమీ దొరకలేదు. జరిగింది అంతే. మర్నాడు కాలేజీకి వెళ్తూ బస్టాండు పక్క జెరాక్స్ షాపు దగ్గర ఆగి, తన వివరణ నకలు తీసిచ్చింది.

"దీన్ని పెద్ద కాగితం మీద రెండింతలు చేసిస్తావా బాబూ?"

షాపతను చేసిచ్చాడు. అక్షరాలు ఒక్కోటీ రూపాయి బిళ్లంత వచ్చాయి. ఆమె కింద మళ్లీ సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపింది.

నెల తిరక్కుండా ఆఖరి కాగితం వచ్చింది. "వివరణ సంతృప్తికరముగా పెరిగినందున ఫైలు ముగించడమైనది."